గండి పడితే ఎవరు కట్టాలి?

2024 సెప్టెంబరు 1, ఆదివారం. హైదరాబాదులో నా గదిలో కూచుని ఊరికి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాను. కోదాడలో వీధులు ఏరులయ్యాయి. విజయవాడ హైవే మీద బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకి గండి పడిందని టీవీలో చూపిస్తున్నారు. మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకర మొత్తం కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడుతున్న ఫొటో మీరందరూ చూసే ఉంటారు. ఎగువన చెరువు కట్ట తెగడం కూడా ఒక కారణమని వార్తల్లో రాశారు.

మా చివ్వెంలలో నాయనా వాళ్ళు బాగానే ఉన్నారు. కోదాడ వైపు మా మేనమామ వాళ్ళ ఊళ్ళో మాత్రం పైనున్న కుంట తెగింది. మామ పొలం రెండెకరాలు. పొట్టకొచ్చే ముందున్న వరి మీద ఇసుక మేట వేసింది.

వారం తర్వాత వెళ్ళాను. మామ గట్టు మీద కూచుని అడిగిన మాట ఇది: "అల్లుడా, ఎవ్వల్నడిగినా వానదేవుడు కొట్టిండు, మేమేం జేస్తం అంటున్నరు. ఆ కుంట కట్ట మీద కంపచెట్లు పెరిగి, బుంగలు వడి రెండేండ్లాయె. ఊరోళ్ళం పోయి చెప్పొచ్చినం గూడ. బుంగలు గూడ వానదేవుడే వెట్టిండా?"

నేను జావా రాసుకుని బతికేవాణ్ణి. నా దగ్గర సమాధానం లేదు. "చూద్దాం మామా" అని వచ్చేశాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తర్వాత కొన్ని నెలలపాటు రాత్రిళ్ళు కూచుని కనపడ్డ తీర్పులన్నీ చదివాను. తేలిందేమంటే, సరిగ్గా ఇదే ప్రశ్న నూటయాభై ఏళ్ళ కిందట మన తెలుగు చెరువుల గురించే లండన్ దాకా వెళ్ళింది. అక్కడ చర్చంతా ఒక్క జడ్జి రాసిన ఒక్క వాక్యం చుట్టూ తిరిగింది. ఆయన పేరు కాలిన్ బ్లాక్‌బర్న్. ఆ వాక్యం ఇవాళ్టికీ చావలేదు. ఈ టపా ఆ వాక్యం కథ.

(ముందే చెప్తున్నాను, నేను లాయర్ని కాదు. తప్పులుంటే దిద్దండి.)

లెక్కల మనిషి

బ్లాక్‌బర్న్ పుట్టింది 1813లో, స్కాట్లండులో. చదివింది ఇంగ్లండులో, కేంబ్రిడ్జిలో లెక్కలు. 1835లో అక్కడి గణితం పరీక్షలో ఎనిమిదో స్థానం వచ్చింది. అంటే మనలాంటి వాడే, కాకపోతే ర్యాంకు మంచిది. తర్వాత లాయరయ్యాడు కానీ పెద్ద పేరున్న లాయరేం కాదు. కోర్టులో కూచుని ఇతరుల వాదనలూ తీర్పులూ రాసి పుస్తకాలుగా వేసేవాడు. 1845లో సరుకుల అమ్మకం ఒప్పందాల మీద ఒక పుస్తకం రాశాడు. 1859లో ఈయన్ని జడ్జిగా వేస్తే ఇంగ్లండులో పత్రికలు అసలు ఎవరీయన అని ఎగతాళి చేశాయి. అదే మనిషి 1876లో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో జీతం మీద పనిచేసే లా లార్డుల్లో మొట్టమొదటివాడయ్యాడు. 1896లో పోయాడు.

కామన్ లా అంటే ఏంటో ఒక్క ముక్కలో చెప్పేస్తా. పార్లమెంటు కూచుని రాసిన చట్టం కాదు. జడ్జీలు ఒక్కో కేసు తేల్చుకుంటూ పోతే, ఆ తీర్పులన్నీ పేరుకుని తయారైన చట్టం. మా భాషలో చెప్పాలంటే ఎవరూ డిజైన్ డాక్యుమెంటు రాయని లెగసీ కోడు. ఎనిమిది వందల ఏళ్ళుగా ప్యాచీల మీద ప్యాచీలు. అలాంటి కోడులో ఎవరో ఒకరు అప్పుడప్పుడు వచ్చి, నలుగురు నాలుగు చోట్ల రాసిన లాజిక్కుని ఒక్క ఫంక్షన్‌గా తీసి పక్కన పెడతారు. బ్లాక్‌బర్న్ చేసింది అదే.

నీళ్ళూ, గనీ, బందెలదొడ్డీ

ఇంగ్లండులో లాంకషైర్. జాన్ రైలాండ్స్ అనే పెద్ద బట్టల మిల్లు ఆసామి. మిల్లుకి నీళ్ళు కావాలని ఒక చెరువులాంటి రిజర్వాయరు కట్టించాడు. తను కట్టలేదు, తెలిసిన కాంట్రాక్టర్లకీ ఇంజనీరుకీ అప్పజెప్పాడు. తవ్వేటప్పుడు అడుగున ఎప్పుడో వదిలేసిన పాత గని గుంతలు తగిలాయి. కాంట్రాక్టర్లు వాటిని సరిగ్గా పూడ్చకుండానే పని కానిచ్చేశారు. 1860 డిసెంబరులో నీళ్ళు నింపారు. అవి ఆ గుంతల్లోంచి కిందికి దిగి, పక్కన థామస్ ఫ్లెచర్ అనే ఆయన బొగ్గు గని ముంచేశాయి. మనుషులెవరూ పోలేదు. నష్టం 937 పౌన్లు.

ఫ్లెచర్ కేసు వేశాడు. రైలాండ్స్ అన్నదేమంటే, "నా తప్పేముంది? నేను మంచి పనివాళ్ళని పెట్టాను. కింద గుంతలున్నాయని నాకు తెలీదు." ఆ మాట నిజమే కూడా. కింది కోర్టులో ఫ్లెచర్ ఓడిపోయాడు. పైకోర్టులో 1866లో బ్లాక్‌బర్న్ తీర్పు రాశాడు.

ఆ తీర్పు సారాంశం ఇది. ఎవడైనా తన అవసరం కోసం తన స్థలంలోకి ఒక వస్తువుని తెచ్చి పెట్టుకుని, అది తప్పించుకుంటే పక్కవాడికి చేటు చేసేదైతే, దాన్ని కాపలా కాసుకోవడం వాడి పూచీ. తప్పించుకుంటే జరిగిన నష్టమంతా వాడే భరించాలి. జాగ్రత్తగా ఉన్నానా లేదా అన్నది ప్రశ్నే కాదు. నష్టపోయినవాడి సొంత తప్పు వల్ల జరిగిందనో, మనిషి చేతిలో లేని దైవఘటన వల్ల జరిగిందనో చూపించగలిగితే తప్ప.

చూడ్డానికి కొత్త సిద్ధాంతంలా ఉంది కదా? బ్లాక్‌బర్న్ మాత్రం ఇది కొత్తది కాదన్నాడు. ఆయన చూపించిన ఉదాహరణల్లో మొదటిది పశువులు. పక్కవాడి పశువు నీ చేలో పడి మేస్తే, పశువుగలవాడు నష్టం కట్టాలి. ఇది ఇంగ్లండులో కొన్ని వందల ఏళ్ళ పాత న్యాయం. తర్వాత పక్కింటి మరుగుదొడ్డి మురుగు నీ ఇంట్లోకి రావడం, ఫ్యాక్టరీ పొగ నీ ఇంటిని పాడు చేయడం. వీటన్నిటిలో ఉన్న లాజిక్కు ఒకటే, నీళ్ళకీ అదే వర్తిస్తుందన్నాడు.

ఇది చదివి నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఈ న్యాయం మా ఊళ్ళో అక్షరమ్ముక్క రానివాడికీ తెలుసు. మా తాత చెప్పేవాడు, ఎవరి గొడ్డయినా చేలో పడితే తోలుకెళ్ళి బందెలదొడ్డిలో పెట్టేవారట. గొడ్డుగలాయన వచ్చి డబ్బు కట్టి విడిపించుకోవాలి. "నేను పలుపు గట్టిగానే కట్టిన, అదే తెంపుకున్నది" అంటే దొడ్డికాడ ఎవడూ వినడు. గొడ్డు నీది, మేసింది వాడి చేను, అంతే. బ్లాక్‌బర్న్ చేసిన పనల్లా బందెలదొడ్డి న్యాయాన్ని మిల్లు యజమానికి వర్తింపజేయడం. అప్పటిదాకా అది గొడ్లకాపరులకే ఉండేది!

ఆ రోజుల్లో ఇంగ్లండులో ఇదేదో గాల్లో చర్చ కాదు. 1852లో హోమ్‌ఫర్త్ దగ్గర ఒక ఆనకట్ట తెగి 81 మంది పోయారు. 1864లో షెఫీల్డ్ పైనున్న డేల్ డైక్ ఆనకట్ట మొదటిసారి నీళ్ళు నింపుతుండగానే తెగి కనీసం 240 మంది పోయారు. ఆ వెనకే రెండేళ్ళకి ఈ తీర్పు. 1868లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని ఖాయం చేసింది. చేస్తూ చేస్తూ లార్డ్ కెయిర్న్స్ అనే ఆయన ఒక కండిషన్ తగిలించాడు: స్థలాన్ని సహజమైన వాడుకకి కాక, అసహజమైన వాడుకకి పెట్టినప్పుడే ఈ పూచీ అని.

సహజం ఏది, అసహజం ఏది? ఇఫ్ కండిషన్‌లో ఇలాంటి మాట పెడితే మా కోడు రివ్యూలో ఒప్పుకోరు. ఇబ్బంది వస్తుందని ముందే తెలుస్తుంది. వచ్చింది కూడా. ఎక్కడో కాదు, మన చిత్తూరు జిల్లాలో.

రైలు కంపెనీకి ఎదురుగా కార్వేటినగరం చెరువు

కార్వేటినగరం అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో పెద్ద జమీందారీ. సారంగపాణి పదాలు పుట్టిన ఊరని సంగీతం తెలిసినవాళ్ళకి గుర్తుండొచ్చు. ఆ జమీందారీలో రెండు చెరువులు పెద్ద వానలకి తెగాయి. ఆ నీళ్ళు పోయి మద్రాసు రైల్వే కంపెనీ వంతెనలు కొట్టేశాయి.

కంపెనీ జమీందారు మీద దావా వేసింది. వాళ్ళ చేతిలో ఆయుధం బ్లాక్‌బర్న్ వాక్యమే. నీళ్ళు తెచ్చి పెట్టుకున్నది నువ్వు, తప్పించుకున్నాయి, మా వంతెనలు పోయాయి, కట్టు! మద్రాసు హైకోర్టులో కంపెనీ ఓడిపోయి, అప్పట్లో మన పైకోర్టులన్నిటికీ పైకోర్టయిన లండన్ ప్రివీ కౌన్సిల్‌కి వెళ్ళింది. 1874లో అక్కడ తీర్పు వచ్చింది. కంపెనీ మళ్ళీ ఓడిపోయింది.

ఒక తెలుగు జమీందారు మీద బ్రిటిషు రైలు కంపెనీ, లండన్‌లో, ఓడిపోవడం! అదీ ఆరేళ్ళ కింద లండన్‌లోనే ఖాయమైన సూత్రం చేతిలో పెట్టుకుని. ఎలా?

ప్రివీ కౌన్సిల్ చెప్పిన కారణాలు నేను అర్థం చేసుకున్నంతలో ఇవీ. ఒకటి, ఈ చెరువులు జమీందారు తన సొంత లాభం కోసం కొత్తగా తెచ్చి పెట్టుకున్నవి కావు. ఎప్పటినుంచో ఉన్నవి, దేశమంతా పరుచుకున్న సాగునీటి ఏర్పాటులో భాగం. హిందూ ధర్మశాస్త్రాలూ, ముస్లిం న్యాయమూ కూడా గుర్తించినవి. రెండు, వీటి మీద జనం బతుకు ఆధారపడి ఉంది. మూడు, వద్దనుకుంటే తీసేసే హక్కు జమీందారుకి లేదు. వాటిని కాపాడి, మరమ్మతు చేయించడం ఆయన బాధ్యత. రైలాండ్స్ తన రిజర్వాయరు వద్దనుకుంటే రేపే పూడ్చుకోవచ్చు. కార్వేటినగరం జమీందారు చెరువు పూడుస్తానంటే కుదరదు. కాబట్టి ఈయన్ని మిల్లు యజమానితో పోల్చకూడదు, చట్టం ఒక పని అప్పజెప్పి చేయమన్నవాడితో పోల్చాలి. అలాంటివాడు నిర్లక్ష్యం చేస్తేనే బాధ్యుడు.

ఇందులో ఉన్న తమాషా గమనించారా? ఇంగ్లండులో ఇదే వాదనతో బతికింది రైలు కంపెనీలే. 1860లో టాఫ్ వేల్ రైల్వే కేసులో, ఇంజన్ నిప్పురవ్వలు పడి పక్కనున్న అడవి కాలిపోతే, రైలు నడపమని పార్లమెంటే అనుమతించింది కాబట్టి నిర్లక్ష్యం లేకపోతే కంపెనీ కట్టక్కర్లేదన్నారు. మన దగ్గర అదే కవచం చెరువుకి దొరికింది, రైలుకి ఎదురుగా.

ఇంకో పోలిక కూడా చెప్తాను. 1876లో ఇంగ్లండులో నికల్స్ కేసు. ఒక ఆసామి తన తోటలో అందం కోసం వాగుకి అడ్డం కట్టి కొలనులు పెట్టుకున్నారు. పెద్ద వానకి అవి తెగి నాలుగు వంతెనలు పోయాయి. అక్కడా కట్టక్కర్లేదనే తేలింది, కానీ కారణం వేరు. అది దైవఘటన అన్నారు. ఫలితం ఒకటే అయినా రెండు దారులు. అక్కడ వాన గొప్పదైంది, ఇక్కడ చెరువు గొప్పదైంది.

మనం మర్చిపోయిన సగం

నాకు ఈ తీర్పు చదివి మొదట గర్వమేసింది. మన చెరువు గొప్పదనం లండన్ ఒప్పుకుంది కదా అని. సూర్యాపేట పక్కన పిల్లలమర్రి వెళ్ళినవాళ్ళకి తెలుస్తుంది ఆ సంగతి. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు అక్కడ గుళ్ళు కట్టించారు. గుడి పక్కన చెరువు లేకుండా మా ప్రాంతంలో ఊరే ఉండదు. 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు తెలంగాణలో లెక్క తేల్చిన చెరువులూ కుంటలూ 46 వేల పైచిలుకు. అలాంటి నేలలో చెరువు అసహజమైన వాడుక ఎలా అవుతుంది?

కానీ రెండోసారి చదివినప్పుడు ఇంకొకటి కనపడింది. మామ ప్రశ్నకి జవాబు అక్కడుంది.

జమీందారు "వానదేవుడు కొట్టాడు" అని చెప్పి గెలవలేదు. చెరువులు పనితనంతో కట్టినవని, వాటిని తగినంత జాగ్రత్తగా చూసుకున్నామని కోర్టులో తేలాక గెలిచాడు. అంటే ఆ తీర్పులో రెండు సగాలున్నాయి. చెరువు జనానిది కాబట్టి ఊరికే తెగినంత మాత్రాన కాపలాదారుడి మెడకి చుట్టకూడదన్నది ఒక సగం. ఆ కాపలాదారుడు కాపలా కాసి ఉండాలన్నది రెండో సగం. మొదటి సగం రక్షణ, రెండో సగం దాని ఖరీదు. పాత ఊళ్ళలో ఈ ఖరీదు ఎవరు కట్టేవారో అందరికీ తెలుసు. నీరటికాడు అర్ధరాత్రి వానలో లాంతరు పట్టుకుని కట్ట మీద తిరిగేవాడు, తూము చూసేవాడు, అలుగుకి అడ్డం పడ్డ చెత్త లాగేవాడు. బుంగ కనపడితే ఊరు ఊరంతా తట్టలతో వచ్చేది.

ఇప్పుడు ఏం జరుగుతోంది? నీరటికాళ్ళు పోయారు. జమీందార్లూ దొరలూ పోయారు, మంచిదే. వాళ్ళ బాధ్యత ఆఫీసులకొచ్చింది. ఆ ఆఫీసులు మొదటి సగం తీసుకుని రెండో సగం వదిలేశాయి. "ప్రజల కోసం కట్టిన చెరువు, ప్రకృతి వైపరీత్యం, మేమేం చేస్తాం" అనడం కార్వేటినగరం జమీందారు మాటలాగే వినిపిస్తుంది. కాకపోతే ఆయన మరమ్మతుల సంగతి చూపించాల్సి వచ్చింది. వీళ్ళని ఎవరూ అడగరు. అడగొచ్చని మామకి తెలీదు, నిజం చెప్పాలంటే నాకూ తెలీదు.

అన్నట్టు, మా తాతల కాలంలో ఈ తీర్పు మా ఊరికి వర్తించేది కాదు. సూర్యాపేట అప్పుడు నిజాం ఇలాకా, నల్లగొండ జిల్లా. నిజాం హైకోర్టు వేరు, దానిపైన జుడీషియల్ కమిటీ వేరు. ప్రివీ కౌన్సిల్‌కి ఇక్కడ పనిలేదు. 1950 జనవరి 26 నుంచీ అందరికీ సుప్రీంకోర్టే. అక్కణ్ణుంచి బ్లాక్‌బర్న్ మా చివ్వెంలకి కూడా వచ్చాడు, ఎవరూ పిలవకుండానే.

ఇంగ్లండులో చిక్కిపోయాడు, ఇండియాలో పెరిగాడు

మా ఆఫీసులో ఒక మిత్రుడికి ఇదంతా చెప్తే, "ఎప్పుడో చచ్చిన దొర రాసిన మాటలు మనకెందుకురా, ఇంకా బానిసత్వమా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు తర్వాత జరిగిన చరిత్రలో ఉంది.

బ్లాక్‌బర్న్ సూత్రం పుట్టిన చోటే చిక్కిపోయింది. స్కాట్లండు, అంటే ఆయన పుట్టిన గడ్డ, 1985లో ఇది మా చట్టం కాదు పొమ్మంది. 1994లో ఆస్ట్రేలియా హైకోర్టు దాన్ని మామూలు నిర్లక్ష్యం కిందికి కలిపేసింది. దానికి కాస్త ముందే, 1993లో, ఇంగ్లండులో హౌస్ ఆఫ్ లార్డ్స్, నష్టం ముందే ఊహించదగ్గదైతేనే కట్టాలని కొత్త షరతు పెట్టింది.

మన దగ్గర రివర్సులో జరిగింది. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్. ఏడాది తిరిగీ తిరగగానే, 1985 డిసెంబరులో ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం గ్యాసు లీకయింది. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1986 డిసెంబరులో చీఫ్ జస్టిస్ పి.ఎన్. భగవతి నాయకత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పిచ్చింది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు సూత్రం ఈనాటి రసాయన ఫ్యాక్టరీలకి చాలదు, అక్కడి చట్టం దగ్గరే మనం ఆగిపోనక్కర్లేదు అంది. ప్రమాదకరమైన పని లాభానికి చేసే కంపెనీ, ప్రమాదం జరిగితే మినహాయింపుల్లేకుండా కట్టాల్సిందే. దైవఘటన లేదు, ఎవడో బయటివాడు చేశాడన్న సాకు లేదు. కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దది. దీన్ని సంపూర్ణ బాధ్యత అంటారు. బ్లాక్‌బర్న్ ఫంక్షన్‌లోని ఎక్సెప్షన్లన్నీ డిలీట్ చేశారన్నమాట.

భోపాల్ బాధితులకి మాత్రం ఈ సూత్రం అందలేదు. 1989లో 47 కోట్ల డాలర్లకి రాజీ కుదిరిపోయింది. పరిహారం పెంచమన్న క్యూరేటివ్ పిటిషన్‌ని 2023 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. సూత్రం కాగితం మీద ఉన్నంత మాత్రాన చేతికి రాదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అయినా అప్పుడప్పుడు చేతికొస్తుంది. 2002లో సుప్రీంకోర్టుకి మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసు ఒకటి వచ్చింది. వానాకాలం రాత్రి, ఒకాయన సైకిలు మీద ఇంటికొస్తున్నాడు. రోడ్డు మీద నీళ్ళల్లో తెగిపడ్డ కరెంటు తీగ. తొక్కి చనిపోయాడు. బోర్డు ఏమందంటే, ఎవడో కరెంటు దొంగతనం చేయడానికి వేసిన తీగ అది, మా తప్పు లేదు. కోర్టు ఒప్పుకోలేదు. కరెంటు లాంటి ప్రమాదకరమైన సరుకు పంపిణీ చేసేవాడు అది తప్పించుకోకుండా చూసుకోవాలి, నిర్లక్ష్యం నిరూపించాల్సిన పని బాధితులకి లేదు అంది. ఆ తీర్పులో రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ ప్రస్తావన ఉంది. లాంకషైర్ బొగ్గు గనిలోకి దిగిన నీళ్ళు, రోడ్డు మీద పడ్డ మన తీగ దాకా వచ్చాయి.

మా వైపు పొలాల్లో తీగ తగిలి చనిపోయినవాళ్ళు లేని మండలం ఉండదు. ఆ ఇళ్ళల్లో ఎంతమందికి ఈ తీర్పు తెలుసు? ఇచ్చినంత ఎక్స్‌గ్రేషియా దయ అనుకుని దండం పెట్టి తీసుకుంటారు. అది దయ కాదు, బాకీ.

ఇక 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. మర్నాడే జాతీయ హరిత ట్రైబ్యునల్ 50 కోట్లు డిపాజిట్ చేయమంది. ఆ ఉత్తర్వులో స్ట్రిక్ట్ లయబిలిటీ, అంటే కఠిన బాధ్యత అన్న మాట వాడింది. లాయర్లు వెంటనే పట్టుకున్నారు: ఇది బ్లాక్‌బర్న్ మాట కదా, 1986 నుంచీ మనకి సంపూర్ణ బాధ్యత ఉంది కదా అని. చూడండి, మూడున్నర దశాబ్దాల కిందట మనవాళ్ళు దాటి వచ్చేసినా, కలం పట్టుకుంటే ముందు ఆయన మాటే వస్తోంది. ప్రభావం అంటే ఇదే కాబోలు.

మా మిత్రుడికి నేను చెప్పేది ఇదీ. మనం ఆ దొర మాట విన్నందుకు కాదు ఆయన బతికుంది. 1874లో చెరువు దగ్గర వర్తించదన్నాం, 1986లో ఫ్యాక్టరీ దగ్గర చాలదన్నాం. ఒకసారి తగ్గించాం, ఒకసారి పెంచాం. రెండుసార్లూ వేసుకున్న ప్రశ్న మాత్రం ఆయనదే: ప్రమాదాన్ని తెచ్చి పెట్టింది ఎవరు, లాభం ఎవరిది, నష్టం ఎవరి నెత్తిన పడాలి? దీన్ని బానిసత్వం అనడం నాకు కుదరదు.

మామ కుంట సంగతి

మామ కేసు గెలుస్తాడా? కుంట కంపెనీ కాదు కాబట్టి సంపూర్ణ బాధ్యత అక్కడ పనికొస్తుందని నేననుకోను. కార్వేటినగరమే అడ్డం వస్తుంది. ప్రభుత్వం మీద దావా అంటే ఇంకా వేరే చిక్కులున్నాయి. కానీ రెండో సగం ఉంది కదా. కట్టకి చివరిసారి ఎప్పుడు మరమ్మతు చేశారు, ఎంత ఖర్చు పెట్టారు, ఊరోళ్ళు బుంగల గురించి ఇచ్చిన అర్జీ మీద ఏం చేశారు? ఈ మూడు ప్రశ్నలతో సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు రాసి మామ చేత సంతకం పెట్టించి పంపాను. కొన్నాళ్ళకి ఒక కాగితం వచ్చింది. మరమ్మతుల వివరాలు అందుబాటులో లేవట.

మామ నిరుత్సాహపడ్డాడు. నేను మాత్రం ఆ కాగితం భద్రంగా పెట్టమన్నాను. కాపలా కాశానని చూపించుకోలేకపోతే కార్వేటినగరం కవచం ఎంతవరకు కాపాడుతుందో చూడాలి కదా. ఈ ధైర్యంతోనే సూర్యాపేటలో ఒక వకీలుని కలిశాం. ఆయన కాగితం రెండుసార్లు చదివి, "ఊరోళ్ళు ఇచ్చిన అర్జీకి నకలు ఉన్నదా?" అని అడిగాడు.

లేదు. నోటితో చెప్పొచ్చారు. అర్జీ అని మేమే అనుకున్నాం కానీ, కాగితం మీద పెట్టినవాళ్ళు లేరు.

కాబట్టి ఇది చదివేవాళ్ళలో ఊరితో సంబంధం ఉన్నవాళ్ళకి ఒక్క మాట. ఈసారి ఊరెళ్ళినప్పుడు చెరువు కట్ట మీద ఒకసారి నడవండి. బుంగలూ, కంపచెట్లూ, విరిగిన తూమూ కనపడితే తేదీ పడేలా ఫొటో తీయండి. నలుగురి సంతకాలతో కాగితం రాసి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకుని నకలు దాచండి. వానలకి ముందే.

మామ ఈ ఎండాకాలం ఇసుక ఎత్తించాడు, ట్రాక్టరు కిరాయి తన జేబులోంచే పెట్టుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు ఇరవై మంది కలిసి కుంట కట్ట గురించి అర్జీ రాశారు. ఈసారి కాగితం మీదే. నకలు నా దగ్గర కూడా ఒకటుంది.